ఎడమ చేతి గాజులు

కుళాయి దగ్గర నాచు పట్టిన సిమెంటు మీద నా తోటికోడలు జారిపడింది. బిందె ఒకవైపు, మనిషి ఒకవైపు. ఎండుచేపలు తిరగేస్తున్నదాన్ని చప్పుడు విని పరుగెత్తాను. ఎడమ చెయ్యి నేలకు ఆన్చి పడినట్టుంది, మణికట్టు దగ్గర ఎముక వంకరగా పైకి తేలింది. అంత నొప్పిలో ఎవరైనా ఏం చేస్తారు, ఏడుస్తారు. అది ఏడవలేదు. కుడిచేత్తో ఎడమ చేతికి చుట్టిన గుడ్డపట్టీ విప్పి, లోపలి గాజులు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. అప్పుడు నవ్వింది.

"ఏటీ అవనేదప్పా. ఒక్కటీ పగల్నేదు" అంది.

ఆ నవ్వు చూడలేక బిందె వైపు తిరిగాను. ఎందుకంటే ఆ ఎడమ చేతి గాజులు దాని మొగుడి పేరు మీదివి కావు. నా మొగుడి పేరు మీదివి.

ఇదెలాగో చెప్పాలంటే వెనక్కి పోవాలి.

అన్నదమ్ములిద్దరూ ఒకే బోటు మీద వేటకు పోయేవారు. పెద్దవాడు నా మొగుడు, చిన్నవాడు దాని మొగుడు. తుపానుకు ముందు పోయిన బోటు తుపాను తర్వాత రాలేదు. డీజిలు డబ్బా కూడా ఒడ్డుకు కొట్టుకురాలేదు.

మా పేటలో ఒక పద్ధతి ఉంది. శవం ఒడ్డుకొస్తే గాజులు పగలగొడతారు, బొట్టు చెరిపేస్తారు. శవం రాకపోతే ఎవరూ ముట్టుకోరు. పెద్దలు కూర్చుని, ఇక రాడని తేల్చి, గడ్డితో మనిషిబొమ్మ చేసి దాన్ని కాల్చేదాకా ఆ ఆడది ముత్తైదువే. పేరంటానికి పిలుస్తారు. పిలుస్తారు కానీ కాళ్లకు పసుపు రాసేటప్పుడు మొహంలోకి చూడరు. పక్క పేట మగాళ్లు కొందరు దారి తప్పి పరాయి దేశం నీళ్లల్లోకి పోయి, అక్కడ జైల్లో ఉండి, అందరూ ఆశ వదిలేశాక తిరిగొచ్చారు. అందుకే మా ఇంట్లో గడ్డిబొమ్మ మాట ఎత్తితే నా తోటికోడలు అన్నం ముందు నుంచి లేచిపోయేది. "బతికున్నోడికి తలకొరివేటి" అనేది. పెళ్లయి వచ్చి ఎన్నాళ్లో కాలేదు దానికి. నన్ను అప్పా అని పిలిచేది, నా చీర కొంగు పట్టుకునే తిరిగేది.

చేపల గంపలతో రైలెక్కినప్పుడు ఒక ఆమె చెప్పింది. చీపురుపల్లి అవతల జీడితోటలో ఒక అయ్య ఉన్నాడు, తప్పిపోయిన మగాళ్లు ఎక్కడున్నారో చెప్తాడు అని. ఇద్దరం వెళ్లాం.

దేవుడిలా ఉంటాడనుకున్నాను, లేడు. ఇస్త్రీ చేసిన పొందూరు ఖద్దరు చొక్కా, జేబులో పెన్ను, కళ్లజోడు. బడిపంతులు లాగా పుస్తకాల్లో మాటలు మాట్లాడేవాడు. నా చెయ్యి పట్టుకుని, గాజుల మీద బొటనవేలు ఆనించి కళ్లు మూసుకున్నాడు. "ఉన్నాడు తల్లీ. ఇసుక మీద పడుకుని ఉన్నాడు. దాహంగా ఉన్నాడు" అన్నాడు. ఇసుకేమిటి, దాహమేమిటి, నేనేమీ అడగలేదు. ఉన్నాడు అన్నాడు కదా. ఆ ఒక్క మాట వినడానికి నేను ఎంత దూరమైనా పోయేదాన్ని. పోయాను కూడా. ఆ తోటలోనే ఉండిపోయాం.

అక్కడ ఉన్నవాళ్లందరూ మాలాంటి ఆడవాళ్లే. సముద్రం మీదికి పోయి రానివాళ్ల పెళ్లాలు, వలసపోయి కబురు లేనివాళ్ల పెళ్లాలు. సాలూరు లారీ మీద పోయి ఐపూ ఆచూకీ లేకుండా పోయిన ఒక డ్రైవరు పెళ్లాం ఉండేది. పగలంతా జీడిగింజలు కొట్టేవాళ్లం. ఆ జీడి నూనెకు వేళ్లు పొక్కి నల్లబడేవి. ఉప్పు తినకూడదు. ఉప్పు సముద్రానిది, సముద్రం మీ వాళ్లను పట్టుకుని ఉంది, దానిది మీరు తింటే దానికి బలం వస్తుంది అన్నాడు. చేపల ఇంట పుట్టి చేపల ఇంట మెట్టినదాన్ని, ఉప్పులేని గంజి తాగాను. నాలుక ఏదో వేరే మనిషిది అయినట్టు ఉండేది.

అన్నిటికంటే పెద్ద కట్టుబాటు గాజులది. మట్టిగాజులే వేసుకోవాలి. మీ మగవాడి ప్రాణం ఈ గాజు మీద ఉంది, ఇది పగిలితే అక్కడ వాడు పోతాడు అనేవాడు. అందుకని గుడ్డపీలికలు చుట్టుకుని పని చేసేవాళ్లం. పాత గాజు అరిగి సన్నబడితే ముందు కొత్తది ఎక్కించి, తర్వాత పాతది తియ్యాలి. గాజులు మార్చుకునేటప్పుడు చెయ్యి బోసిగా ఉంచకూడదని మనందరికీ అమ్మలు చెప్పిందే కదా. ఆయన కొత్తగా ఏమీ పెట్టలేదు. మనకున్నదాన్నే తీసుకుని మన మెడకు చుట్టాడు.

దీపాలు పెట్టే వేళకు వరసగా కూర్చునేవాళ్లం. ఒక్కొక్కరి గాజులు ముట్టుకుని కబురు చెప్పేవాడు. ఈ రోజు అన్నం తిన్నాడు. ఈ రోజు జ్వరం తగ్గింది. ఈ రోజు నిన్ను తలచుకున్నాడు. నా మొగుడు ఇంట్లో ఉన్నన్నాళ్లూ తిన్నావా అంటే "ఊఁ" అనేవాడు తప్ప ఇంకో ముక్క చెప్పేవాడు కాదు. తోటలోనే నాకు వాడి సంగతులు ఎక్కువ తెలిసేవి. రోజూ ఆ ఒక్క ముక్క కోసం ఆ రోజంతా బతికేదాన్ని.

గేటు లేదు. ఒక తడిక, దానికి తాడు మెలిక. మేకలు తోసుకుని వచ్చేవి, తోసుకుని పోయేవి. మేం పోలేకపోయేవాళ్లం. ఒకసారి మా అమ్మను చూసొస్తానని నేను అడిగితే, "వెళ్లు తల్లీ, నేను ఆపలేదు" అన్నాడు మెత్తగా. ఆ సాయంత్రం నా గాజుల మీద వేలు పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. "ఈ రోజు వాళ్లెవరో బాగా కొట్టారు" అన్నాడు. ఇంకెప్పుడూ అడగలేదు నేను. మా అమ్మ పోయిందని కూడా తర్వాతే తెలిసింది.

లారీ డ్రైవరు పెళ్లానికి నూతి గిలక దగ్గర చేద తగిలి గాజు పగిలింది. ఒక్కటే. అయ్య వచ్చి చూసి, "పోయాడు" అన్నాడు. మిగతావి ఆయనే తీయించాడు. తెల్లచీర కట్టించి తడిక అవతల వదిలేశారు. ఆమె తడిక పట్టుకుని ఏడుస్తుంటే మేమందరం గోడకేసి తిరిగి కూర్చున్నాం. అలా కూర్చోమన్నాడు. కూర్చున్నాం.

తర్వాత కొన్నాళ్లకు, జీడిపిక్కలు ఎండబోస్తుండగా, తడిక దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. కుడిచెవి తమ్మె తెగి ఉంది. ఆ చెవి గురించి లారీ డ్రైవరు పెళ్లాం మాకు ఎన్నిసార్లు చెప్పిందో.

"మా ఆడమనిషి ఇక్కడున్నాదని సెప్పినారు. ఏదీ?" అన్నాడు.

అయ్య వరండాలోంచే అన్నాడు. "చూడకండి. అది మనిషి కాదు. పోయినవాడి రూపంలో దాహానికి వచ్చింది."

అందరూ గోడకేసి తిరిగిపోయారు. నా తోటికోడలు నా భుజం పట్టుకుని తిప్పబోయింది.

"ఏటలగ తిరిగిపోనారు? నానేటి దెయ్యాన్నా?" అని ఆ మనిషి నవ్వాడు. "రాయపూర్‌లో ఉన్నాను గానీ సచ్చిపోనేదు. సరేగానీ, కూసిన్ని నీళ్లియ్యండే, ఎండకి నడిసొచ్చినాను."

ఎందుకు లేచానో నాకు ఇప్పటికీ తెలియదు. చెంబుతో నీళ్లిచ్చాను. వేళ్లు తగిలాయి, వెచ్చగా ఉన్నాయి. బీడీ కంపు కొట్టాడు. గటగటా తాగి, మూతి తుడుచుకుని, పెద్దగా తేన్చాడు. ఆ తేన్పు విన్నాక నాకు కళ్లు తెరుచుకున్నాయి. దెయ్యాలు తేన్చవు. అయ్య చంపేసిన మనిషి నా ఎదురుగా తేన్చాడు అంటే, అయ్య బతికి ఉన్నాడన్న మనిషి ఎక్కడున్నట్టు?

చెంబు అక్కడే పెట్టి, జీడిగింజలు కొట్టే రాయి మీద చేతులు పెట్టి గాజులు పగలగొట్టుకున్నాను. గుడ్డపట్టీలతో సహా కొట్టాను. రక్తం వచ్చింది. నా తోటికోడలు గోడ దగ్గర నుంచి అరుస్తూ వచ్చి మీద పడింది. అప్పటికి ఎడమ చేతికి ఒక్కటే మిగిలింది, ఎర్రది, నా పెళ్లినాటి రంగు అని నేను కొనుక్కున్నది. దాన్ని నా చేతినుంచి లాగేసింది. తన ఎడమ చేతికి ఎక్కించుకుంది. తన గాజులన్నీ కుడిచేతికి మార్చేసుకుంది.

"నువ్వు వదిలేసినావు. నాను పట్టుకున్నాను. నీ మొగుడు నా ఎడం సేతి మీదున్నాడు. ఇంక పో" అంది.

"ఒసే, రాయే, పోదాం. సూసినావు కదే ఆణ్ణి."

"నువ్వు ముట్టుకున్నావు దాన్ని. సేతులు కడుక్కో."

తడిక తోసుకుని వచ్చేశాను, మేకలాగా. చీపురుపల్లి సంతలో ఎండుచేపల గుట్ట దగ్గర కూర్చుని ఒక చేప తీసి ఉప్పు నాకాను. "ఏటే, కొంటావా నాకుతావా?" అని అమ్మేది కసిరింది. ఆ తిట్టు ఎంత బాగుందో చెప్పలేను. పేటకు చేరాక పెద్దలతో చెప్పి గడ్డిబొమ్మ చేయించి కాల్పించాను. బొట్టు తీసేశాను. నేను విధవనని నాకు నేనే చెప్పుకుని ఆ రాత్రి ఒళ్లెరక్కుండా నిద్రపోయాను.

అయ్య రోగంతో పోయాడు. తోట ఎవరో కొనుక్కున్నారు. నా తోటికోడలు రెండు చేతులకూ పట్టీలు చుట్టుకుని నా గుమ్మం ముందుకు వచ్చింది. ఎడమ చేతి ఎర్రగాజుకు తోడు ఇంకొన్ని ఎక్కించుకుంది, అవీ నా మొగుడి పేరు మీదే. "కబురు సెప్పీవోడు పోనాడప్పా" అంది, తల్లి పోయిన పిల్లలాగా. లోపలికి రమ్మన్నాను. అప్పటి నుంచి నా దగ్గరే. నా కూర వేరు, దాని చప్పిడి కూర వేరు. దీపాలు పెట్టే వేళకు గోడకానుకుని ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఎవరూ ఏమీ చెప్పేవారు కాదు. కాసేపటికి లేచి పడుకునేది.

ఆ చెయ్యి విరిగింది.

ఆటోలో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి మణికట్టు బూరెలా పొంగింది. గాజులు కండలోకి దిగిపోయాయి. వేళ్లు నీలంగా మారి చల్లబడ్డాయి. డాక్టరమ్మ చిన్నపిల్ల, నెమ్మదైనది. "గాజులు ఇప్పుడే తీసెయ్యాలి. లేకపోతే చేతికి రక్తం ఆడదు. చెయ్యి దక్కదు" అంది.

నా తోటికోడలు చెయ్యి కడుపులో పెట్టుకుని ముడుచుకుపోయింది. నర్సు దగ్గరికి వస్తే కాలితో తన్నింది.

"ఈ సేతివి తీసి ఆ సేతికి ఎక్కించుకోయే, ఏటవుతాది" అంది నర్సు.

"ఒక సేతికి ఇద్దరు మొగుళ్లేటమ్మా?"

నర్సు పకపకా నవ్వింది. పక్క మంచం ముసలమ్మ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అది పరాచికం ఆడటం లేదని నాకొక్కదానికే తెలుసు.

వంగి దాని చెవిలో అన్నాను. "ఒసే, నీ సెయ్యి పోతాదే. ఆడు సచ్చిపోనాడు. నానే కాల్చినాను. తీసీమను."

"నా మొగుడి గాజులైతే తీసీమందును" అంది, పళ్లు బిగపట్టి. "ఇవి నీవి. నీ మొగుణ్ణి నాను సంపీనేను. సెయ్యి పోతే పోనీ. కుడిసెయ్యి ఉన్నాది కదా."

అంత ప్రేమ నా మీద ఎవరికీ లేదు. మా అమ్మకు కూడా లేదేమో. ఆ ప్రేమ చూస్తే నాకు భయం వేసింది.

మత్తు ఇచ్చి తీసేద్దామా అంది డాక్టరమ్మ. వద్దన్నాను. మత్తులో తీసేస్తే లేచి చూసుకుంటుంది. బోసి చెయ్యి చూసి అటునుంచి అటే సముద్రంలోకి నడిచిపోతుంది. దాని సంగతి నాకు తెలుసు. అది ఒప్పుకోవాలి, ఒప్పుకుని తీయించుకోవాలి. లేకపోతే చెయ్యి దక్కినా మనిషి దక్కదు.

"ఆలస్యం చెయ్యకండమ్మా" అంది డాక్టరమ్మ.

ఆసుపత్రి ఎదురుగా రోడ్డవతల గాజుల కొట్టు ఉంది. వెళ్లాను. కొట్టామె నా బోసి నుదురు చూసింది, చేతులు చూసింది. "ఎవరికమ్మా? కొలత ఏదీ?" అంది.

"నాకే. ఎడం సేతికి."

"మీకా?" అంది. పక్కన గాజులు ఏరుకుంటున్న ఆడవాళ్లు చేతులు ఆపేశారు.

"నాకే. బేగి ఎయ్యి."

ఆమె నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. చేపలు కోసి, ఉప్పు పట్టించి మొద్దుబారిన చెయ్యి. వేళ్లు దగ్గరికి నొక్కి, ఒక్కొక్కటీ తిప్పి తిప్పి ఎక్కించింది. ఆకుపచ్చవి, ఒకటి ఎర్రది. "సేతులు బిగుసుకుపోనాయి. సానాళ్లయినాదేటి ఏసుకుని?" అని మెల్లగా అడిగింది. నేను తల ఊపాను. గాజు ఎక్కేటప్పుడు ఆ పాత నొప్పి, చర్మం నలిగే నొప్పి, అది మాత్రం మారలేదు.

తిరిగొచ్చి దాని మొహం ముందు చెయ్యి పెట్టాను. "ఇదిగో. ముందు కొత్తది ఎక్కినాది. ఇంక పాతది తియ్యొచ్చు. నా మొగుణ్ణి నాకిచ్చీ."

అది కుడిచేత్తో నా గాజులు తడిమింది, ఒక్కొక్కటీ. ఎర్రదాని దగ్గర ఆగింది. తన ఎడమ చేతి నుంచి విప్పిన గుడ్డపట్టీ మంచం మీద పడి ఉంది. దాన్ని తీసుకుని, ఒక కొస పళ్లతో పట్టుకుని, నా మణికట్టు చుట్టూ చుట్టింది. గట్టిగా ముడి వేసింది. జీడి నూనె వాసన ఇంకా ఉంది ఆ గుడ్డలో.

"ఇంకెప్పుడూ వదిలీవు కదా" అంది.

"వదల్ను."

అప్పుడు చెయ్యి చాపింది. నర్సు గాజుల కింద దూది పెట్టి పట్టకారుతో ఒక్కొక్కటీ టిక్కుమని విరిచింది. ఎర్రది చివర్న విరిగింది. నేను నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో అడగొద్దు. అది కళ్లు మూసుకుని ఉంది. వేళ్లకు మెల్లగా ఎరుపు వచ్చింది.

"అప్పా" అంది, కళ్లు తెరవకుండానే. "ఉన్నాడా?"

డాక్టరమ్మ పిండికట్టు కోసం పట్టీ తడుపుతోంది. నర్సు గాజుముక్కలు ఊడుస్తోంది. నేను గుడ్డ మీద బొటనవేలు ఆనించాను.

"ఉన్నాడు" అన్నాను.

"తిన్నాడా?"

"తిన్నాడు."

"ఏటి తిన్నాడు?"

"గంజన్నం."

అది నిట్టూర్చి, పసిపిల్లలా పడుకుంది.

చెయ్యి దక్కింది. నాకు కావలసింది అదే, దక్కింది. పిండికట్టుతో ఇంటికి తీసుకొచ్చాను. పేటలో ఆడవాళ్లు నా చెయ్యి చూసి ఊరుకుంటారా. "ఏటప్పా, ఈ ఈడులో మారుమనువేటి? పెళ్లికొడుకు ఏ పేట?" అని గంపలు దించి మరీ అడిగారు. "నీ మొగుడే" అన్నాను ఒకదానితో. అందరూ నవ్వారు. నవ్వులు నవ్వులే, తర్వాత ఒకరిద్దరు నా దగ్గర చేపలు కొనడం మానేశారు. కాల్చిన మొగుడికి గాజులు వేసుకున్న ఆడది పొద్దున్నే ఎదురొస్తే ఎవరికి మంచిది.

రోజూ దీపాలు పెట్టే వేళకు నా తోటికోడలు నా పక్కన కూర్చుంటుంది. అడుగుతుంది. నేను చెప్తాను. మొదట్లో నోటికి ఏదొస్తే అది చెప్పేదాన్ని. అన్నం తిన్నాడు, పడుకున్నాడు. అది సరిపెట్టుకోదు. ఏ చెట్టు కింద, ఎవరి పక్కన, మా ఆయన కూడా ఉన్నాడా అంటుంది. దాని మొగుడి కబురు కూడా నేనే చెప్పాలి, తన కుడిచెయ్యి నా ఒళ్లో పెడుతుంది. చెప్తున్నాను. ఇప్పుడు పొద్దుట చేపలు కోస్తూనే ఆలోచన మొదలవుతుంది, ఈ పూట ఏం చెప్పాలి అని. ఒకరోజు ఒళ్లు బాగులేక విసుగొచ్చి, జ్వరంగా ఉన్నాడు అన్నాను. అది ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు నేను అడక్కుండానే నా చేపలన్నీ ఎండకు వేసింది, ఇల్లంతా అలికింది. అయ్యకు అది ఎంత సుళువుగా ఉండేదో అప్పుడు అర్థమైంది.

కట్టు విప్పారు. చెయ్యి కొంచెం వంకరగా అతికింది గానీ పట్టు ఉంది, బిందె ఎత్తుతుంది. ఇంటికి రాగానే నా ఎదురుగా కూర్చుని చెయ్యి చాపింది.

"ఇంక నాకిచ్చీప్పా. నా సెయ్యి బాగైనాది కదా. నీకు పనిలో అడ్డు. నాను సూసుకుంటాను ఆణ్ణి."

నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే. తీసి దానికి ఇచ్చేస్తే అయిపోతుంది, మళ్లీ నా చేతులు నావి. ఆ రోజు కోసమే ఇన్నాళ్లూ ఓర్చుకున్నాను. అది నా మణికట్టు మీది ముడి విప్పడానికి వంగింది.

నా చెయ్యి వెనక్కి వెళ్లిపోయింది. నేను తీసుకోలేదు, అదే వెళ్లిపోయింది. కొంగు కింద దూరింది.

"ఉండనీ" అన్నాను. "ఇప్పుడే జ్వరం తగ్గినాది. ఇప్పుడు మారిస్తే మంచిది కాదు."

అది నా వంక చూసింది. చాలా ఏళ్ల తర్వాత దాని మొహం తేటబడింది. లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి, నా కూరకని తీసిపెట్టుకున్న ఉప్పు గిన్నె ఎత్తి గూట్లో పైన పెట్టేసింది. నేను చూస్తూ కూర్చున్నాను. దించమని అనలేదు.